పాలకొల్లు రొయ్యల రైతుకు: అన్నం మానకుండా పొట్ట తగ్గే తీరు

నమస్కారమండి. మీరు పాలకొల్లు దగ్గర రొయ్యల చెరువులు చూసుకుంటున్నారని, వయసు 41, ఎత్తు 167 సెంటీమీటర్లు, బరువు 84 కిలోలు, నడుము చుట్టుకొలత 102 సెంటీమీటర్లు అని రాశారు. ఆరు వారాల క్రితం అన్నం పూర్తిగా మానేసి, ఉదయం పండ్ల రసం, రెండు పూటలా నాలుగేసి చపాతీలు తీసుకుంటున్నారు. మొదటి పది రోజులలో నాలుగు కిలోలు తగ్గి, ఆ తరవాత మూడు కిలోలు తిరిగి వచ్చాయి. అన్నం జీవితాంతం మానాలా, ప్రొటీన్ పొడి కొనాలా, కాలువ గట్టున రోజూ 40 నిమిషాలు నడుస్తున్నా పొట్ట ఎందుకు తగ్గడం లేదు అన్నవి మీ మూడు ప్రశ్నలు. చివరిలో మీ భార్యగారి థైరాయిడ్ గురించి కూడా ఒక మాట అడిగారు. భీమవరంలో ఇరవై రెండేళ్లుగా ఆహార నిపుణురాలిగా పనిచేస్తున్నాను. ఇలాంటి ప్రశ్నతో వారానికి పదిమందైనా నా దగ్గరకు వస్తారు కనుక కాస్త వివరంగానే రాస్తాను.

ముందుగా ఆ నాలుగు కిలోల సంగతి చూద్దాం. ఒక కిలో కొవ్వు కరగాలంటే సుమారు 7,700 కేలరీల లోటు ఏర్పడాలి. పది రోజులలో నాలుగు కిలోల కొవ్వు కరగాలంటే రోజుకు 3,000 కేలరీలకు పైగా లోటు ఉండాలి. మీ ఎత్తు, బరువు, వయసు, పని చూస్తే మీ శరీరం రోజు మొత్తంలో ఖర్చు చేసేదే ఇంచుమించు 2,300 కేలరీలు. అంటే పూర్తిగా పస్తు ఉన్నా అంత కొవ్వు కరగదు. మరి తగ్గిందేమిటంటే, అందులో ఎక్కువ భాగం నీరు. మన కండరాలలోను, కాలేయంలోను పిండిపదార్థం గ్లైకోజెన్ రూపంలో నిల్వ ఉంటుంది, ప్రతి గ్రాము గ్లైకోజెన్‌తో దాదాపు మూడు గ్రాముల నీరు అంటిపెట్టుకుని ఉంటుంది. అన్నం ఒక్కసారిగా ఆపేసిన రోజులలో ఆ నిల్వ వాడుకలోకి పోయి, దానితో పాటు నీరూ పోతుంది. చపాతీలు పెరిగిన కొద్దీ నిల్వ మళ్లీ నిండి, నీరూ తిరిగి వచ్చింది. ఇందులో మీ క్రమశిక్షణ లోపం ఏమీ లేదు. కొవ్వు అప్పుడూ పెద్దగా కరగలేదు, ఇప్పుడూ పెద్దగా పెరగలేదు, అంతే.

ఇక చపాతీ లెక్క. ఒక చపాతీకి 35 గ్రాముల పిండి, కాల్చేటప్పుడు ఒక చెంచా నూనె పడితే ఒక్కొక్కటి 160 కేలరీల పైమాటే, నాలుగు కలిపితే 650 వరకు వస్తాయి. ఆ 650 కేలరీలతో 185 గ్రాముల బియ్యం వండుకోవచ్చు, ఆ బియ్యం వండితే అర కిలో అన్నం అవుతుంది. మీరు అన్నాన్ని వదిలించుకున్నానని అనుకున్నారు, కాని అదే శక్తి గోధుమ రూపంలో, పైగా నూనెతో కలిసి, కంచంలోకి వచ్చింది. గోధుమలో పీచు, ప్రొటీన్ కొంచెం ఎక్కువే, దానిని నేను కాదనను. ఆ కొంచెం కోసం పుట్టినప్పటి నుంచి అలవాటైన భోజనాన్ని వదులుకుని, రాత్రి పదింటికి ఆకలి తట్టుకోలేక గట్టు మీద బజ్జీల బండి దగ్గర ఆగడం మాత్రం నష్టమే. ఆ బజ్జీల మాట మీరే రాశారు కనుక ప్రస్తావిస్తున్నాను.

మా తాతగారు పూటకు పావు కిలో బియ్యం అన్నం తినేవారు, పొట్ట లేదు, ఇప్పుడు నాకెందుకు అని నన్ను చాలామంది అడుగుతారు. 1852లో ధవళేశ్వరం ఆనకట్ట పూర్తయి కాలువల నీళ్లు వచ్చాక వరి మన పొలాన్నీ కంచాన్నీ నింపింది, కాని ఆ అన్నాన్ని కరిగించే పని కూడా ఆ పొలంలోనే ఉండేది. మోకాలి లోతు బురదలో దమ్ము చేయడం, ఊడ్పులు, కోతలు, కుప్పనూర్పులు, మైళ్ల కొద్దీ నడక అన్నీ ఒంటితో చేసినవే. ఈనాడు ట్రాక్టరు దమ్ము చేస్తుంది, యంత్రం కోస్తుంది, మీరు చెరువు గట్టు మీదికి కూడా మోటారు సైకిల్ మీదే వెళతారు. కష్టం తగ్గడం మంచిదే, ఆ బురద బతుకు మళ్లీ ఎవరికీ రావాలని నేను కోరను. అన్నం గిన్నె మాత్రం ఆనాటి కొలతలోనే ఉండిపోయింది, కూర గిన్నె మాత్రం ఇంకా చిన్నదైంది. నా దృష్టిలో మన డెల్టా ఇళ్లలో కొవ్వు పేరుకోవడానికి మూలం ఇక్కడే ఉంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో నేను కూడా ఓట్స్, బ్రోకలీ, ఆలివ్ నూనె అని అచ్చువేసిన కాగితాలు ఇచ్చేదాన్ని. తీసుకెళ్లిన వారిలో ఎక్కువమంది రెండోసారి రాలేదు. ఒక పెద్దావిడ మాత్రం తిరిగి వచ్చి, ఆ కాగితంలో ఉన్నవి మా సంతలో దొరకవమ్మా, మా సంతలో దొరికేవి ఆ కాగితంలో లేవు అన్నారు. ఆ మాట నన్ను చాలా బాధపెట్టింది, ఆ తరవాతే వచ్చిన వారి వంటింటిని అడిగి తెలుసుకోవడం మొదలుపెట్టాను. అందువల్ల మీకు చెప్పబోయే వాటిలో కొత్తగా కొనవలసింది ఏదీ లేదు.

రోజు మొత్తానికి 150 గ్రాముల బియ్యం కొలిచి తీసుకోండి. ఉదయం ఇడ్లీకో, పొట్టిక్కలకో పోయిన బియ్యం కూడా ఇందులోదే. వంటింటి తూకం లేకపోతే ఒకసారి కిరాణా కొట్టులో 150 గ్రాములు తూయించి, అది ఏ గ్లాసులో ఎంత మేరకు వస్తుందో గుర్తు పెట్టుకుంటే చాలు. పప్పు, పులుసు, పెరుగు అని మూడు విడతలుగా తినే మన పద్ధతిని మార్చనక్కర లేదు, కాని ప్రతి విడతకూ కొత్తగా అన్నం వడ్డించుకోవడం మానండి. ఒకేసారి పెట్టుకున్న అన్నాన్నే మూడు భాగాలు చేసుకుని, గిన్నెను వంటింట్లోనే వదిలి వచ్చి కూర్చోండి. తినేటప్పుడు ముందు నాలుగు ముద్దల కూర, పప్పు విడిగా తిని, ఆ తరవాత అన్నం కలుపుకోండి. పీచు, ప్రొటీన్ ముందు లోపలికి వెళితే భోజనం తరవాత రక్తంలో చక్కెర నెమ్మదిగా పెరుగుతుంది, కడుపు నిండిన భావన కూడా తొందరగా వస్తుంది.

ముడిబియ్యం తినాలా అన్న సందేహం మీకు రావచ్చు. కేలరీలలో ముడిబియ్యానికీ తెల్లబియ్యానికీ చెప్పుకోదగ్గ తేడా లేదు, కాని పీచు, బి విటమిన్లు ముడిబియ్యంలో ఎక్కువ. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ పుట్టుకే దీనికి సాక్ష్యం, అది 1918లో కూనూర్‌లో బెరిబెరి వ్యాధి పరిశోధన కోసం చిన్న విభాగంగా మొదలైంది. బియ్యాన్ని తెల్లగా మర పట్టడం వల్ల తవుడుతో పాటు పోయే బి1 విటమిన్ లోపమే ఆ వ్యాధికి కారణం. మీకు నచ్చితే ఒక పూట ముడిబియ్యం వండుకోండి, అరగకపోతే బలవంతం వద్దు. మన మారుటేరు పరిశోధన స్థానం 1982లో ఇచ్చిన స్వర్ణ అనే వరి రకం, అంటే ఎం.టి.యు. 7029, రక్తంలో చక్కెరను మెల్లగా పెంచే రకాలలో ఒకటని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పరీక్షలలో తేలింది. మనం దానిని పండించి అమ్మి, సన్నబియ్యం కొని తింటాం. ఇంట్లో స్వర్ణ ఉంటే చిన్నచూపు చూడకండి, అయితే చక్కెర మెల్లగా పెరగడం వేరు, కేలరీలు తక్కువ కావడం వేరు కనుక కొలత మాత్రం అదే 150 గ్రాములు.

అన్నం తగ్గిన చోట కూర రావాలి, లేకపోతే ఆకలి మిమ్మల్ని వారం తిరగకుండా ఓడిస్తుంది. పూటకు కనీసం 200 గ్రాముల కూరగాయ అవసరం. మనకు కొదవ లేదు కదా: ఆనపకాయ, బీరకాయ, పొట్లకాయ, దొండకాయ, తోటకూర, గోంగూర, అరటిపువ్వు, అరటిదవ్వ, పెరట్లో మునగాకు. కందాబచ్చలి, పనసపొట్టు కూర కూడా మంచివే, కాని కందలో పిండిపదార్థం ఎక్కువ కనుక ఆ రోజున అన్నం రెండు ముద్దలు తగ్గించుకోండి. బంగాళాదుంప, చామదుంప వేపుళ్లను కూరగాయ లెక్కలో వేయకండి, అవి అన్నం లెక్కలోనివి.

ఇప్పుడు నూనె గురించి. నా అనుభవంలో మన ప్రాంతంలో పొట్ట తగ్గకపోవడానికి అన్నం కన్నా పెద్ద కారణం ఇదే, దీనిని ఎవరూ కొలవరు. మీ ఇంట్లో నలుగురికి నెలకు ఎన్ని లీటర్ల నూనె అవుతుందని ఇంట్లో అడగండి. అయిదు లీటర్ల డబ్బా నెలకు అయిపోతుందంటే మనిషికి రోజుకు 38 గ్రాములు, అంటే దాదాపు 340 కేలరీలు నూనె నుంచే వస్తున్నాయి. నెయ్యి, కొబ్బరి, బయట తిన్న పునుగులు, బజ్జీలు దీనికి అదనం. పులుసు పైన నూనె తేలితేనే చేపల పులుసు కుదిరినట్లు అని మన అమ్మలు నేర్పారు, చట్టి దించాక ఆ తేట నూనెను చూసి సంతోషపడని ఇల్లు మన వైపు ఉండదు. ఆ రుచిని నేను తక్కువ చేయడం లేదు. అయితే చేపల పులుసుకు రుచినిచ్చేవి చింతపండు, ఉల్లి, మెంతి, ధనియాలు, మట్టి చట్టి, మరునాటి వరకు ఊరడం. నూనె సగం చేసి, ఉల్లిపాయ ముద్దను మూత పెట్టి సన్న సెగ మీద మగ్గనిస్తే పులుసు చిక్కదనం అలాగే ఉంటుంది, మా ఇంట్లో పదేళ్లుగా అలాగే వండుతున్నాం. నలుగురికి నెలకు మూడు లీటర్లు అని ఒక హద్దు పెట్టుకోండి. మనిషికి రోజుకు 23 గ్రాములు వస్తుంది, మీ ఒక్కరికే రోజుకు 130 కేలరీలకు పైగా తగ్గుతాయి, ఆకలిలో మాత్రం ఏమీ తేడా ఉండదు. ఒకటో తారీఖున మూడు లీటర్లు విడిగా తీసి పెట్టి, సీసాలో నుంచి కాకుండా చెంచాతో మూకుడులో వేయమని చెప్పండి. ఏ నూనె మంచిదన్న చర్చ మీ విషయంలో తరవాతి మాట, ఏ నూనె అయినా గ్రాముకు 9 కేలరీలే.

కొన్నేళ్ల క్రితం కొబ్బరి నూనె తాగి బరువు తగ్గే పద్ధతి మన జిల్లాలలో బాగా నడిచింది. దానితో తగ్గినవారు ఉన్నారు, అన్నం, చిరుతిళ్లు, తీపి మూడూ ఆపేస్తే మొత్తం తిండి తగ్గడం సహజం. నిలబెట్టుకోగలిగిన వారిని మాత్రం నేను బహు తక్కువగా చూశాను, కొందరిలో చెడు కొలెస్టరాల్ బాగా పెరగడం కూడా చూశాను. పచ్చికొబ్బరి 100 గ్రాములలో సుమారు 350 కేలరీలు ఉంటాయి. పచ్చడిలో రెండు చెంచాలు తినండి, చిప్ప కొరుక్కుంటూ తినవద్దు. బొండం నీళ్లు రోజుకు ఒకటి పరవాలేదు, పండ్ల రసం కన్నా ఎంతో మేలు. ఉదయం పండ్ల రసం మాత్రం పూర్తిగా ఆపేయండి, ఒక జామపండు కొరుక్కుని తినండి.

ప్రొటీన్ పొడి సంగతికి వస్తే, మీరు రొయ్యలు పెంచి విదేశాలకు పంపే మనిషి, మీ చుట్టూ ఉన్నవి శీలావతి, బొచ్చె చేపల చెరువులు. డబ్బా కొనవలసిన అవసరం మీకు నాకు కనిపించడం లేదు. బరువు తగ్గేటప్పుడు కండ కరగకుండా ఉండాలంటే మీకు రోజుకు 85 నుంచి 90 గ్రాముల ప్రొటీన్ కావాలి. ఉదయం రెండు కోడిగుడ్లలో 12 గ్రాములు, మధ్యాహ్నం, రాత్రి కలిపి 200 గ్రాముల చేపలోనో, ఒలిచిన రొయ్యలలోనో 36, ఒక 50 గ్రాముల పప్పులో 11, పావు కిలో పెరుగులో 8, సాయంత్రం గుప్పెడు ఉడికించిన సెనగలలో 8, అన్నంలో 11 కలిపితే 86 అవుతుంది. కూరలు, మూడు లీటర్ల లెక్కలో నూనె, ఒక పండు, టీలో పాలు కలుపుకున్నా రోజు మొత్తం 1,800, 1,900 కేలరీల మధ్య ఉంటుంది. మీ ఖర్చు 2,300 కనుక రోజుకు నాలుగైదు వందల లోటు ఏర్పడి నెలకు ఒకటిన్నర నుంచి రెండు కిలోలు కొవ్వే తగ్గుతుంది. ఇంతకన్నా వేగం కోరకండి, మరీ వేగంగా తగ్గితే కండ పోతుంది, పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే ప్రమాదం కూడా ఉంది. చేపను పులుసుగానో, ఇగురుగానో తినండి, వేపుడు వారానికి ఒకసారికి మించవద్దు. ఎండు రొయ్యలు, నెత్తళ్లు ప్రొటీన్‌కు మంచివే అయినా ఉప్పు విపరీతం కనుక నానబెట్టి, కడిగి, అప్పుడప్పుడు మాత్రమే వండుకోండి. పులస గురించి చాలామంది భయంగా అడుగుతారు, అది కొవ్వు ఎక్కువ ఉన్న చేపే, కాని ఏడాదికి ఒకటి రెండుసార్లు రెండు ముక్కలు తిన్నందుకు ఎవరి నడుమూ పెరగదు.

కార్తీక మాసంలో మాంసాహారం మానేస్తారు కదా, ఆ నెలలో మన వాళ్లు బరువు పెరగడమే నేను ఎక్కువగా చూశాను. చేప పోయిన చోట ప్రొటీన్ రాకుండా పులిహోర, పాయసం, అరటిపండ్లు వస్తాయి. ఆ రోజులలో 50 గ్రాముల మీల్ మేకర్ తీసుకుంటే 25 గ్రాముల ప్రొటీన్ వస్తుంది, ఉలవచారు కాకుండా ఉడికిన ఉలవలే తాలింపు పెట్టుకుని తినండి, ఉప్మా లేని పెసరట్టు చేసుకోండి. సంక్రాంతి మూడు రోజులు ఇంటిల్లిపాదితో కలిసి మనసారా తినండి. కనుమ తరవాత డబ్బాలలో మిగిలిన అరిసెలు, పాకుండలు, సున్నుండలు నెల రోజుల పాటు టీతో పాటు పోవడమే అసలు నష్టం, వాటిని అయిదో రోజుకల్లా పంచేయండి.

టీ గురించి మీరు ఒక్క వాక్యంలో రాసి వదిలేశారు, నేను అలా వదలలేను. రాత్రి చెరువు నీటికి గాలి అందించే ఏరియేటర్లు, కరెంటు చూసుకుంటూ అయిదు టీలు, ఒక్కొక్కదానిలో రెండు చెంచాల పంచదార అంటే రోజుకు 50 గ్రాముల పంచదార, 200 కేలరీలు. వారానికి అర చెంచా చొప్పున తగ్గిస్తూ వస్తే నాలుక అలవాటు పడుతుంది. నిద్ర నాలుగు గంటలే అన్నారు. నిద్ర చాలని మరునాడు ఆకలి పెరుగుతుంది, తీపి, వేపుళ్ల మీదికి మనసు పోతుంది, ఇది మనోబలానికి సంబంధించినది కాదు. చెరువు కాపలా మానమని నేను చెప్పలేను, కాని మధ్యాహ్నం గంటన్నర నిద్రను వంతు కుదుర్చుకుని కచ్చితంగా తీసుకోండి.

నడక కొనసాగించండి, దానికి తోడు వారంలో రెండు రోజులు కండరాలకు పని చెప్పండి. జిమ్ అక్కర లేదు, మేత బస్తా ఎత్తి దించడం, గుంజీలు, గోడ పట్టుకుని చేసే దండీలు ఇరవై నిమిషాలు చాలు.

కొలవడం బరువుతో కన్నా టేపుతో చేయండి. చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ మధ్య, ఊపిరి మామూలుగా వదిలి, వారానికి ఒకసారి ఉదయం కొలవండి. మగవారికి 90 సెంటీమీటర్ల లోపు ఉండాలి. ఎత్తుకు బరువు ఎంత ఉందో చూపే మీ శరీర ద్రవ్యరాశి సూచిక (బి.ఎం.ఐ.) 30 దగ్గర ఉంది, మన దేశస్థులలో 25 దాటితేనే స్థూలకాయంగా లెక్కిస్తారు. కనుక ఈ మార్పులకు ముందు మూడు నెలల సగటు చక్కెర, కొలెస్టరాల్, మూత్రపిండాల పనితీరు తెలిపే క్రియాటినిన్, కాలేయ పరీక్షలు చేయించుకోండి. కాలేయంలో కొవ్వు ఉందని తేలినా దిగులు పడకండి, బరువులో 7 నుంచి 10 శాతం, అంటే మీకు ఆరు నుంచి ఎనిమిది కిలోలు తగ్గితే అది బాగా మెరుగవుతుంది. మూత్రపిండాల సమస్య ఉంటే నేను చెప్పిన ప్రొటీన్ కొలత, బొండం నీళ్లు మీకు వర్తించవు. ఇప్పటికే చక్కెర వ్యాధికి మాత్రలు వాడుతుంటే అన్నం తగ్గించే ముందు డాక్టరుగారితో మోతాదు మాట్లాడి తీరాలి, లేకపోతే చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు.

మీ భార్యగారి విషయం. థైరాయిడ్ మాత్రతో పరీక్ష ఫలితం అదుపులో ఉంటే, ఆమె బరువుకు థైరాయిడ్ పెద్ద అడ్డంకి కాదు. మాత్రను పరగడుపున నీళ్లతో వేసుకుని, కాఫీకి కనీసం అరగంట, వీలైతే గంట ఆగమనండి. కూరలలో ఏదీ ఆమెకు నిషేధం కాదు, వండిన క్యాబేజీతో సహా. నాకు ఆందోళన కలిగించేది ఇంకొకటి. మన ఇళ్లలో ఆడవారు అందరికీ వడ్డించాక చివర కూర్చుంటారు, అప్పటికి చట్టిలో ముక్కలు ఉండవు, పులుసూ అన్నమూ మిగులుతాయి. ఆమె కంచంలో ప్రొటీన్ ఎప్పుడూ తక్కువే, అన్నం ఎప్పుడూ ఎక్కువే. బరువు పెరుగుతూనే రక్తహీనతతో వచ్చే ఆడవారిని నేను ప్రతి వారం చూస్తున్నాను. ఆమెకు హిమోగ్లోబిన్ పరీక్ష కూడా చేయించండి. పులుసు దించగానే, ఎవరికీ వడ్డించక ముందే, మీ ముక్కలతో పాటు ఆమె ముక్కలు కూడా వేరే గిన్నెలో తీసి మూత పెట్టండి, ఆ పని మీరే చేయండి. నాలుగు వారాల తరవాత మీ ఇద్దరి నడుము కొలతలు, ఆ నెల ఎంత నూనె అయిందో రాస్తే, అన్నం కొలత మార్చాలా వద్దా అన్నది అప్పుడు చెబుతాను.